పిడికెడు బియ్యం, రెండు కాసులు

పిల్లలూ!

మీలో ఎవరైనా అమీర్‌పేటలో మెట్రో రైలెక్కి హైటెక్ సిటీ వైపు వెళ్ళారా? మొదట మధురానగర్ వస్తుంది. ఆ వెంటనే యూసుఫ్‌గూడ వస్తుంది. ఈ రైలు ఎత్తయిన స్తంభాల మీద పోతుంది గనుక, కిటికీలోంచి చూస్తే కింద డాబాలూ, సందులూ, దుకాణాలూ అన్నీ బొమ్మల కొలువులాగా కనిపిస్తాయి. డిసెంబరు నెలలో పొద్దుగూకిన తరవాత చూశారంటే ఇంకా బాగుంటుంది. ఇక్కడొక డాబా మీదా, అక్కడొక వసారాలోనూ కాగితపు నక్షత్రాలు వెలుగుతూ ఉంటాయి. ధనుర్మాసం కూడా ఆ రోజుల్లోనే వస్తుంది. అందుచేత ఒకే సందులో ఒక ఇంటి వాకిట ముగ్గూ, పక్క ఇంటి గుమ్మాన నక్షత్రమూ ఉంటాయి. దగ్గరలోని మసీదు నుంచి నమాజు పిలుపు వినవస్తూ ఉంటుంది.

ఆ నక్షత్రాలు ఎందుకు కడతారో తెలుసా? యేసు బేత్లెహేములో పుట్టినప్పుడు ఆకాశంలో ఒక నక్షత్రం కనిపించిందనీ, దాన్ని చూసుకుంటూ తూర్పుదేశపు జ్ఞానులు ఆ బిడ్డ ఉన్న చోటికి వచ్చారనీ బైబిలు చెబుతుంది. ఆ వచ్చినవాళ్ళు ఉత్త చేతులతో రాలేదు, కానుకలు తెచ్చారు. అందుకే క్రిస్మసు నక్షత్రాల పండుగ మాత్రమే కాదు, కానుకల పండుగ కూడాను.

ఈ నెల మనం కానుకల సంగతి చెప్పుకుందాం. కాని ముందుగా మీకొక చిక్కు ప్రశ్న.

చిక్కు ప్రశ్న

యూసుఫ్‌గూడలో ఒక ఇల్లు ఉన్నదనుకోండి. ఆ ఇంటివాళ్ళు క్రిస్మసు చేసుకుంటారు. ఇంట్లో అయిదో తరగతి చదివే అమ్మాయి ఉన్నది. వాళ్ళింట్లో అంట్లు తోమి, బట్టలుతికే ఆమెకూ ఈ వయసు కూతురే ఉన్నది. బడి లేని రోజుల్లో ఆ పిల్ల తల్లి వెంట వచ్చి, వంటింటి గుమ్మం పక్కన కూచుంటుంది. ఇద్దరు పిల్లలూ ఒకరినొకరు రోజూ చూస్తారు. కాని మాట్లాడుకోరు. ఎందుకని అడిగితే ఇద్దరూ జవాబు చెప్పలేరు.

పండుగ నాలుగు రోజులున్నదనగా తల్లి కూతుర్ని పిలిచి, "ఆ పిల్లకు పండక్కి నీ చేత్తో ఏమన్నా ఇయ్యి, బిడ్డా!" అన్నది.

అమ్మాయి తన బీరువా తెరిచి చూసింది. అందులో తనకు పొట్టి అయిపోయిన గౌను ఒకటి ఉన్నది. దానికి రెండు గుండీలు లేవు, ముందు భాగాన సిరా మరక ఉన్నది. దాని పక్కన చెయ్యి ఊడిన బొమ్మ ఒకటి ఉన్నది. పై అరలో మామయ్య పంపిన రంగు పెన్సిళ్ళ డబ్బా ఉన్నది. ఇరవై నాలుగు రంగులు! ఇంకా పై కాగితమైనా విప్పలేదు.

అమ్మాయి గౌను తీసి సంచిలో పెట్టింది. ఎందుకో మనసొప్పలేదు. మళ్ళీ బయటికి తీసింది. పెన్సిళ్ళ డబ్బా వైపు చూసింది. అది ఇవ్వడానికి అసలే మనసొప్పలేదు. బీరువా తలుపు అల్లాగే పట్టుకుని నిలబడిపోయింది.

మీరైతే ఏమిస్తారు? ఇప్పుడే జవాబు చెప్పకండి. ముందు కొన్ని పాత సంగతులు వినండి.

చంటిబిడ్డకు సాంబ్రాణి ఎందుకు?

తూర్పుదేశపు జ్ఞానులు తెచ్చిన కానుకలు మూడు: బంగారం, సాంబ్రాణి, బోళం. మూడు కానుకలు గనుక జ్ఞానులూ ముగ్గురే అని అందరూ అనుకుంటారు. క్రిస్మసు నాటకాల్లో ముగ్గురు పిల్లలే తలకు రంగుల పాగాలు చుట్టుకుని వస్తారు. నిజానికి ఎంతమంది వచ్చారో మత్తయి సువార్తలో చెప్పలేదు.

"చంటిబిడ్డకు ఇవ్వవలసినవి ఇవేనా? దుప్పటీ, ఉగ్గు గిన్నే తేవద్దూ?" అని మీరు నవ్వవచ్చు. కాని ఆ కాలంలో ఆ వస్తువులు ఎంత విలువైనవో తెలిస్తే నవ్వరు.

బైబిలులో చెప్పిన సాంబ్రాణి ఒక చెట్టు బంక. ఆ చెట్టు ఒమన్, యెమెన్, సోమాలియా దేశాలలో, వానలు సరిగా పడని రాతినేలల మీద పెరుగుతుంది. దాని బెరడును చిన్న ఉలిలాంటి పనిముట్టుతో గీస్తారు. గాయమైన చోటి నుంచి పాలవంటి జిగురు చుక్కలు చుక్కలుగా ఊరుతుంది. కొద్ది రోజులకు ఆ చుక్కలు గాలికి ఆరి, గట్టిపడి, కన్నీటి బొట్లలాగా చెట్టుకు అంటుకుని ఉంటాయి. వాటిని గీకి తీసుకుంటారు. నిప్పుల మీద వేస్తే సువాసన గల పొగ వస్తుంది. చెట్టును ఊపిరి తిప్పుకోనివ్వకుండా గీస్తూ పోతే అది నీరసించి, మంచి గింజలు కాయలేకపోతుంది. అందుచేత తెలిసినవాళ్ళు కొంతకాలం గీసి, కొంతకాలం దానికి విశ్రాంతి ఇస్తారు. మన అడవుల్లో పెరిగే అందుగు చెట్టు ఈ సాంబ్రాణి చెట్టుకు దాయాది.

బోళం కూడా అల్లాంటి బంకే. ముళ్ళు గల చిన్న చెట్టు నుంచి వస్తుంది. రుచికి చేదు. పూర్వం దాన్ని పుళ్ళకు మందుగా వాడేవాళ్ళు. చనిపోయినవాళ్ళ దేహాలకు కూడా పూసేవాళ్ళు. ఈ బంకలను ఒంటెల మీద వేసి ఎడారుల గుండా ఎంతో దూరం మోసుకుపోయి అమ్మేవాళ్ళు. అందుచేత వాటి ధర చాలా ఎక్కువగా ఉండేది.

జ్ఞానులు తమ వద్ద మిగిలిపోయినది తీసుకురాలేదు. తమకు తెలిసిన వస్తువులలో శ్రేష్ఠమైనవి ఎంచి తెచ్చారు. ఇది గుర్తుంచుకోండి. మన అమ్మాయి బీరువా ముందు ఇంకా నిలబడే ఉన్నది గదా!

రాత్రివేళ వచ్చిన మూట

ఎర్ర బట్టలూ, తెల్ల గడ్డమూ గల క్రిస్మసు తాత మీకందరికీ తెలుసు. అమీర్‌పేట దుకాణాల్లోనూ, పంజాగుట్ట అంగళ్ళలోనూ డిసెంబరులో ఆయన బొమ్మ లేని చోటు ఉండదు. ఈ తాత వెనక ఒక నిజమైన మనిషి ఉన్నాడు. ఆయన పేరు నికొలస్. సుమారు పదిహేడు వందల ఏళ్ళకు పూర్వం, ఇప్పటి టర్కీ దేశంలో ఉన్న మైరా అనే రేవుపట్టణానికి ఆయన బిషప్. ఆ ఊరిని ఈనాడు దెమ్రే అంటారు.

ఆయన్ని గురించి తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటి ఉన్నది. ఆ పట్టణంలో ఒక బీదవాడికి ముగ్గురు కూతుళ్ళు. కట్నం ఇచ్చుకునే స్థితి లేక పెళ్ళిళ్ళు కాలేదు. ఇల్లు గడవడమే కష్టమై, ఆ పిల్లలను అమ్ముకోవలసిన గతి పట్టబోయింది. ఈ సంగతి నికొలస్‌కు తెలిసింది. ఆయన పగటిపూట అందరూ చూస్తూండగా ఆ ఇంటికి వెళ్ళలేదు. ఒక రాత్రి వెళ్ళి, కిటికీలోంచి బంగారపు మూట ఒకటి లోపలికి విసిరి వచ్చేశాడు. ఆ డబ్బుతో పెద్ద పిల్ల పెళ్ళి జరిగింది. మరికొన్నాళ్ళకు రెండో మూట వచ్చిపడింది. మూడోసారి ఆ తండ్రి నిద్రపోకుండా కాచుకుని ఉండి, వెంటబడి నికొలస్‌ను పట్టుకున్నాడు. "ఈ సంగతి నేను బతికి ఉండగా ఎవరికీ చెప్పవద్దు," అని నికొలస్ అతని చేత మాట తీసుకున్నాడట.

డిసెంబరు 6 ఆయన పేర జరిగే పండుగ. డచ్చి దేశస్థులు ఆయన్ని సింటర్‌క్లాస్ అన్నారు. ఆ పేరు అమెరికాకు వెళ్ళి శాంటాక్లాజ్ అయింది. కథలో మూట చీకట్లో వచ్చింది. తాత మాత్రం ఇప్పుడు దుకాణం ముందు గంట వాయిస్తూ వస్తున్నాడు!

నికొలస్ చీకట్లో ఎందుకు వెళ్ళాడు? దొంగలాగా వెళ్ళవలసిన పని ఏమున్నది? తీసుకునేవాడు ఊరందరి ముందూ తల దించుకోవలసి రాకూడదని వెళ్ళాడు. కుడిచేయి ఇచ్చేది ఎడమచేతికి కూడా తెలియకూడదన్న యేసు బోధకు అర్థం ఇదే. మనకీ గుప్తదానం అనే మాట ఉన్నది చూశారా! ఈ రోజుల్లో కొందరు ఒక దుప్పటి ఇచ్చి పది ఫొటోలు తీయించుకుంటారు. ఆ ఫొటోలో దుప్పటి పుచ్చుకునే ముసలమ్మ ముఖం ఒకసారి చూడండి. నికొలస్ ఎందుకు చీకట్లో వెళ్ళాడో తెలుస్తుంది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలోని కొన్ని చర్చీలలో ఒక మంచి అలవాటు పుట్టింది. క్రిస్మసుకు బీదవాళ్ళ కోసం తెచ్చే కానుకలన్నిటినీ తెల్ల కాగితంలోనే చుట్టి తేవాలి. పట్టు చీర అయినా తెల్ల పొట్లమే, బియ్యం అయినా తెల్ల పొట్లమే. ఎవరిది పెద్దదో, ఎవరిది చిన్నదో ఎవరికీ తెలియదు. దక్షిణ భారతంలో కూడా కొన్ని చర్చీలలో ఈ అలవాటు ఉన్నది.

ఒక చిన్న లెక్క

ఇప్పుడొక లెక్క చెయ్యండి. ఒకడి దగ్గర 10,000 రూపాయలున్నాయి. అందులో 100 రూపాయలు దానం చేశాడు. మరొకామె దగ్గర 2 రూపాయలే ఉన్నాయి. ఆ రెండూ ఇచ్చేసింది. ఎవరు ఎక్కువ ఇచ్చారు?

"ఇందులో లెక్కేమున్నది? నూరు పెద్దదా, రెండు పెద్దదా?" అంటారు. ఇంకో విధంగా చూడండి. మొదటివాడు ఇచ్చింది నూటికి ఒక వంతు. అతనికి ఇంకా 9,900 మిగిలాయి. రెండో ఆమె ఇచ్చింది నూటికి నూరు వంతులు. ఆమెకు మిగిలింది సున్న.

యెరూషలేము దేవాలయంలో యేసు ఈ లెక్కే చేశాడు. ధనవంతులు కానుకల పెట్టెలో చాలా డబ్బు వేస్తున్నారు. ఒక బీద విధవరాలు వచ్చి రెండు చిన్న కాసులు వేసి పోయింది. అందరికంటె ఎక్కువ ఇచ్చింది ఆమేనని యేసు శిష్యులతో అన్నాడు. ఎంత ఇచ్చారని కాక, ఇచ్చిన తరవాత ఎంత మిగిలిందని ఆయన చూశాడన్న మాట.

అంటే మీరంతా వెళ్ళి ఇంట్లో ఉన్నదంతా పంచెయ్యమని కాదు. అల్లా చేస్తే అమ్మానాన్నా నన్ను ఊరుకోరు! బీదవాళ్ళు కూడా దాతలు కాగలరని తెలుసుకోవడం ముఖ్యం. ఈ సంగతి బాగా ఎరిగిన మనిషి ఒకాయన మన తెలుగుదేశంలోనే ఉండేవాడు.

డోర్నకల్లు బిషప్‌గారు

సికిందరాబాదులో విజయవాడ రైలెక్కితే, వరంగల్లు దాటిన తరవాత డోర్నకల్లు జంక్షన్ వస్తుంది. ఇప్పుడది మహబూబాబాదు జిల్లాలో ఉన్నది. 1909లో ఒక తమిళాయన సంసారంతో సహా వచ్చి అక్కడ కాపరం పెట్టాడు. ఆయన పేరు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టాడు. అక్కడి క్రైస్తవులు 1903లో ఒక సంఘం పెట్టుకుని, చందాలు పోగుచేసి, ఆ డబ్బుతో తమ మనుషులను తెలుగుదేశానికి పంపారు. పరదేశపు సొమ్ము మీద ఆధారపడకుండా మన పని మన డబ్బుతోనే జరగాలని వాళ్ళ పట్టుదల. 1905లో, సరిగ్గా క్రిస్మసు రోజున, బెంగాలులోని సెరాంపూరులో దేశమంతటికీ అల్లాంటి సంఘం మరొకటి స్థాపించారు. దాన్ని స్థాపించిన వాళ్ళలో కూడా అజరయ్య ఒకడు.

ఆయన తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన్ని డోర్నకల్లుకు బిషప్‌గా చేశారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొట్టమొదటి భారతీయుడు ఆయనే.

ఆయన సంఘాల్లో చాలామంది కూలినాలి చేసుకునేవాళ్ళు. ఊరివాళ్ళు అంటరానివాళ్ళని దూరం పెట్టినవాళ్ళు. పొలంలో పని చేసిన రోజున వాళ్ళకు కూలి డబ్బుగా రాదు, గింజలుగా వచ్చేది. ఇల్లాంటివాళ్ళను కానుక ఎల్లా అడగడం? "పాపం, బీదవాళ్ళు. వాళ్ళకు మనం ఇవ్వాలి గాని, వాళ్ళను అడగవచ్చా?" అని ఎవరైనా అంటారు.

అజరయ్యగారు అల్లా అనుకోలేదు. ఎవరికీ ఏమీ ఇవ్వలేనని అనుకునే మనిషి ఎప్పుడూ చేయి చాచే ఉంటాడు. ఇవ్వగలనని తెలుసుకున్న మనిషి తల ఎత్తుతాడు. అందుచేత బీదవాళ్ళు కూడా ఇవ్వాలని ఆయన బోధించాడు. కానుకలను గురించి పుస్తకమే రాశాడు.

మరి వాళ్ళేమిచ్చారు? పిడికెడు బియ్యం! ఇంటి ఇల్లాలు వంటకు బియ్యం తీసినప్పుడల్లా, ఎసట్లో పొయ్యకముందే, అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం నాడు ఆ కుండలోని బియ్యం చర్చికి తెస్తుంది. పంట వచ్చినప్పుడు కోత పండుగ చేసి ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్ళు, గుడ్లు తెస్తారు. వాటిని అక్కడే వేలం వేస్తారు. ఈనాటికీ తెలుగు చర్చీలలో కోత పండుగ నాడు గుమ్మడికాయకు పాట పెరుగుతూంటే పిల్లలు చప్పట్లు కొడుతూ ఉంటారు.

డోర్నకల్లులో వాళ్ళు కట్టుకున్న పెద్ద చర్చి 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. దానికి మసీదుకున్నట్టు గుమ్మటాలూ, దేవాలయంలో ఉన్నట్టు స్తంభాలూ ఉన్నాయి. దాని పేరు ఎపిఫనీ కెథీడ్రల్. ఎపిఫనీ అంటే ఏమిటో తెలుసా? జ్ఞానులు కానుకలు తెచ్చిన పండుగ! అది జనవరి 6నే వస్తుంది.

మీరే తూచి చూడండి

పిడికెడు బియ్యం ఏపాటి? మీ ఇంట్లో కూరలు తూచే చిన్న త్రాసు ఉంటే అమ్మ నడిగి తూచి చూడండి. మీ పిడికిట్లో 40 గ్రాములు పట్టాయనుకోండి. రోజూ రెండు పూటలా తీస్తే 80 గ్రాములు. ముప్ఫై రోజులకు 2 కిలోల 400 గ్రాములు. ఏడాదికి 29 కిలోల పైచిలుకు! ఒక సందులో ఇరవై ఇళ్ళవాళ్ళు ఇల్లా చేస్తే ఏడాదికి 580 కిలోలు దాటుతుంది. ఎవరి కంచంలోనూ ఒక్క ముద్దయినా తగ్గినట్టు తెలియదు.

ఇది ఊరికే చెప్పే లెక్క కాదు. మన దేశానికి ఈశాన్యాన మిజోరం ఉన్నది. అక్కడి ఆడవాళ్ళు 1910 ప్రాంతంలో ఈ పిడికెడు బియ్యం అలవాటు మొదలుపెట్టి, ఇప్పటికీ మానలేదు. వాళ్ళ భాషలో దాన్ని బుహ్‌ఫాయ్ థమ్ అంటారు. ఆ బియ్యం అమ్మగా వచ్చే సొమ్ము ఇప్పుడు ఏటా కోట్ల రూపాయలకు చేరింది.

కూలి అడిగినవాడికి కూలి

ఇక మెదకు వెళదాం. యూసుఫ్‌గూడకు అది వంద కిలోమీటర్ల లోపునే. పంతొమ్మిదో శతాబ్దం చివరలో చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే ఇంగ్లీషు పాదిరి మెదకు వచ్చాడు. మొదటి ప్రపంచయుద్ధం నాటి రోజుల్లో ఆ ప్రాంతమంతా కరువు. తిండి లేక జనం అల్లాడిపోయారు. ధాన్యం తెప్పించి పంచిపెట్టవచ్చు. కాని మంచి ఒళ్ళున్న రైతు రోజూ వరుసలో నిలబడి గిన్నె చాస్తే అతని మనసెల్లా ఉంటుంది? పోస్నెట్ దొరగారు ఒక పెద్ద చర్చి కట్టడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్ళకు పని చూపి, పనికి తిండి పెట్టారు. రాళ్ళు మోసినవాళ్ళూ, సున్నం కలిపినవాళ్ళూ సాయంత్రానికి తమ చెమటతో సంపాదించిన కూడు ఇంటికి పట్టుకుపోయారు.

ఆ కట్టడం 1914 నుంచి పదేళ్ళపాటు సాగింది. 1924 డిసెంబరు 25న, క్రిస్మసు నాడు, ఆ చర్చిని ప్రతిష్ఠ చేశారు. దాని గోపురం ఎత్తు 170 అడుగులకు పైనే. అయిదు వేలమంది అందులో కూర్చోవచ్చు. అక్కడి రంగుటద్దాల కిటికీల్లో ఒకదానిలో యేసు పుట్టుక చిత్రించి ఉంటుంది. ఎండ వెలుగు ఉన్నంతసేపే ఆ బొమ్మలు కనిపిస్తాయి. చీకటి పడితే మాయమైపోతాయి. 2024 క్రిస్మసుకు ఆ చర్చికి నూరేళ్ళు నిండాయి. ఇప్పుడు పండుగకు అన్ని మతాలవాళ్ళూ వేలకొద్దీ వస్తారు. వచ్చినవాళ్ళలో, "ఈ రాయి మా తాత తాత మోశాడు," అని చెప్పుకోగలవాళ్ళు కూడా ఉంటారు. "మా తాత ఇక్కడ ముష్టి ఎత్తుకున్నాడు," అని చెప్పుకోవలసిన గతి వాళ్ళకు పట్టలేదు. ఎంత పెద్ద కానుక అది!

ఎడింబరోలో ఒక మాట

ఇంకొక్క సంగతి చెప్పి మన అమ్మాయి దగ్గరికి పోదాం. 1910లో, బిషప్ కాకముందే, అజరయ్యగారు స్కాట్లండులోని ఎడింబరో నగరానికి వెళ్ళారు. అక్కడ ప్రపంచంలోని క్రైస్తవ సంఘాల పెద్దల సభ జరిగింది. వెయ్యిమందికి పైగా వచ్చారు. అందులో చాలామంది తెల్లవాళ్ళు. అజరయ్యగారి కప్పటికి ముప్ఫయ్యయిదేళ్ళు. ఆయన లేచి ఒక మాట అన్నారు. దాని భావం ఇది: మీరు మాకోసం ధనమిచ్చారు, కష్టపడ్డారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, మేము మరవము, కాని మాకు కావలసింది ఇంకొకటి ఉన్నది, మాతో స్నేహం చెయ్యండి.

సభలో కొందరికి ఈ మాట రుచించలేదు. ఇంత ఇచ్చిన తరవాత కూడా ఇల్లా అంటాడేమిటి అనుకున్నారు. కాని ఆ సభలో చెప్పిన మాటలలో నూరేళ్ళు గడిచినా జనం జ్ఞాపకం పెట్టుకున్నది ఆ మాటనే. ఆయన చెప్పింది నిజం. అన్నీ ఇచ్చి, పక్కన కూచోనివ్వకపోతే ఆ కానుకలో ఏదో వెలితి ఉంటుంది.

మళ్ళీ యూసుఫ్‌గూడ

ఇప్పుడు బీరువా ముందు నిలబడ్డ అమ్మాయి ఏం చేసిందో చెబుతాను.

ఆమె గౌను తీసుకుని తల్లి దగ్గరకు వెళ్ళింది. ఇద్దరూ కలిసి దానికి గుండీలు కుట్టి, మరక పోయేదాకా ఉతికి, ఇస్త్రీ చేసి దాచారు. "ఇది తొడుక్కోవడానికి బాగానే ఉన్నది. ఎవరికైనా కావాలంటే ఇద్దాం. కాని పండుగ కానుక ఇది కాదు," అన్నది అమ్మాయి.

తరవాత ఆమె పెన్సిళ్ళ డబ్బా తీసింది. చాలాసేపు దాన్ని చేతిలో పట్టుకుని చూసింది. కొంచెం ఏడుపు కూడా వచ్చింది. చివరకు దాన్ని తెల్ల కాగితంలో చుట్టింది.

క్రిస్మసు ముందు రోజు పనిమనిషి కూతురు వచ్చి ఎప్పటిలాగే వంటింటి గుమ్మం దగ్గర కూచున్నది. అమ్మాయి వెళ్ళి ఆమె పక్కన, కింద కూచుని పొట్లం ఒళ్ళో పెట్టింది.

ఆ పిల్ల విప్పి చూసింది. ఆమె ముఖం వెలగలేదు. చిన్నబోయింది! గభాలున లేచి తల్లి సంచి దగ్గరికి పరుగెత్తింది. మన అమ్మాయి భయపడింది. తనేమన్నా తప్పు చేసిందా?

ఆ పిల్ల వెనక్కి వచ్చి, చేతులు వెనక పెట్టుకుని నిలబడి, "నేను కూడా నీ కోసం ఒకటి చేసిన. కాని అది మంచిగ లేదు," అన్నది.

"చూపించు."

అది ఒక నక్షత్రం. పాత పెళ్ళి శుభలేఖలు కత్తిరించి, మైదాపిండి ఉడికించి అంటించింది. ఒక మూల కొంచెం వంకర పోయింది. బంగారు అక్షరాలు తలకిందులుగా కనిపిస్తున్నాయి.

ఈ పిల్లకు ఇవ్వడానికి తన దగ్గర ఏమున్నదా అని మన అమ్మాయి నాలుగు రోజులు ఆలోచించింది. ఈ పిల్ల కూడా తనకేమిద్దామా అని ఆలోచిస్తూ ఉన్నదని ఆమెకు ఒక్కసారీ తట్టలేదు! విధవరాలి రెండు కాసులు కానుకల పెట్టెలో పడ్డట్టు, ఆ నక్షత్రం ఆమె చేతిలో పడింది.

ఆ ఇంటి గుమ్మానికి అంతకుముందే దుకాణంలో కొన్న పెద్ద నక్షత్రం వేలాడుతున్నది. అమ్మాయి తండ్రి నడిగి దాన్ని డాబా మీదికి మార్పించింది. గుమ్మానికి వంకర మూల నక్షత్రం కట్టారు. తరవాత ఇద్దరు పిల్లలూ రంగు పెన్సిళ్ళు ముందేసుకుని, వంటింటి గుమ్మం దగ్గర కాదు, ముందు గదిలో బల్ల దగ్గర కూచుని బొమ్మలు వేశారు. పెన్సిళ్ళు ఎవరివో అడగడానికి ఎవరికీ తీరిక లేకపోయింది.

పిల్లలూ! మీరు క్రిస్మసు చేసుకునేవాళ్ళయినా, సంక్రాంతి చేసుకునేవాళ్ళయినా, రంజాను చేసుకునేవాళ్ళయినా సరే, ఈ పండుగకు ఒక కానుక సిద్ధం చెయ్యండి. మీకు అక్కర్లేనిది కాదు, మీకు ఇష్టమైనది ఇవ్వండి. చిన్నదైనా ఫరవాలేదు. ఎవరికిచ్చారో ఊరంతా చెప్పకండి. ఇచ్చి వెంటనే పరుగెత్తి వచ్చెయ్యకండి. కొంచెంసేపు వాళ్ళ పక్కన కూచోండి.

వాళ్ళు మీకు తిరిగి ఏదైనా ఇస్తే, అది ఒక జామపండైనా సరే, "వద్దు" అనకండి. రెండు చేతులతో పుచ్చుకోండి.